గ్రీన్ చుక్క ఛార్జర్

నవ్వకుండ్రి అన్నా. జర మీరన్నా నవ్వకుండ్రి. పొద్దుగాల నుంచి మూడు హాస్టళ్లు తిరిగొచ్చిన, మూడు కాడ నవ్విన్రు. చల్లగున్న ఛార్జర్ వాపస్ తీస్కొని వేడయ్యేది ఇస్తనంటున్నవు, ఎండకు తిరిగి తలకాయ ఏమన్న అయ్యిందా ముషర్రఫ్ భాయ్ అని ఒకామె అడిగింది. తాగనీకి నీళ్లు సుత ఇచ్చింది పాపం.

మీరు చర్చి నుంచి ఇప్పుడే వచ్చిన్రు, ఇంకా అన్నం తినలేదు, తెలుసు. ఐదు నిమిషాలే. మధ్యాహ్నం మీ హాస్టల్ మెస్సుల పిల్లలందరు కూసుంటరు గదా, గప్పుడు ఒక్క మాట చెప్పుండ్రి, గంతే. గ్రీన్ చుక్క ఉన్న ఛార్జర్ ఎవరి దగ్గరున్నా తెచ్చి ఇచ్చెయ్యుండ్రని. బదులు కొత్తవి నేనిస్త. ఇగో, సంచిల ఇరవై తెచ్చిన. సీల్ సుత తియ్యలే.

ఎందుకంటరా? చెప్త. చెప్పనీకే గదా వచ్చింది.

లేదన్నా, కుర్చీ వద్దు. నిలబడే చెప్త. కూసుంటే మళ్ల చాయ్ అంటరు, చాయ్ తాగినంక ఇగ నా నోట్లెకెళ్లి మాట రాదు.

అసలు గీ లొల్లి ఎవరు మొదలుపెట్టిన్రు చెప్పుండ్రి? గీ జనం గాదా? ఇరవై ఏండ్ల సంది మీ హాస్టల్ కింద సందుల దుకాణం పెట్టుకొని కూసున్న. ఫోన్లు చూసిన, ఛార్జర్లు చూసిన. ఒకప్పుడు లాప్‌టాప్ ఛార్జర్ అంటే ఇటుకంత ఉంటుండె. సంచిల వేస్తే సంచి ఒక దిక్కు వంగేది. ఇప్పుడు? అరవై ఐదు వాట్లంట, లాప్‌టాప్, ఫోన్ రెండు ఎక్కుతయంట, సైజు చూస్తే అరిగిపోయిన సబ్బు బిళ్ల. మనోళ్లకు అదే కావాలె. చిన్నగ ఉండాలె, జల్దీ ఎక్కాలె, చల్లగ ఉండాలె. మూడు ఒక్కదాంట్లనే ఎట్లొస్తయన్నా?

నేను చెప్పిన. ఖసమ్ సే, మొదట్ల అందరికి చెప్పిన. బిడ్డా, లోపలికి వంద పోతే బయటికి తొంభై మూడు వస్తది, అది మంచి మాల్. ఆ మిగిలిన ఏడు ఏడికి పోతది? వేడై బయటికి రావాలె. పెద్ద డబ్బాకైతే ఒళ్లు పెద్దది, తెల్వకుంట చల్లారుతుండె. దీనికి ఒళ్లే లేకపాయె. గంత పని గింత ఒంటితోని చేస్తే ఒళ్లు కాలదా? కాలుతది. కాలాలె. అట్ల చెప్పిన.

వింటరా? పది నిమిషాలు పెడ్తరు, చెయ్యి పెట్టి చూస్తరు, ఉరుక్కుంట వస్తరు. భాయ్, పేలుతదంట, వీడియోల చూసిన, వాపస్ తీస్కో. ఒక పిల్లయితే నాప్‌కిన్‌ల చుట్టుకొని పట్కొచ్చింది, చచ్చిన ఎలుకను తెచ్చినట్టు. నలుగురు కస్టమర్ల ముంగట కౌంటర్ మీద పడేసింది. ఇజ్జత్ పోదా?

తీస్కోకపోతే మోసం చేసిండంటరు, తీస్కుంటే కంపెనీవాడు వాపస్ తీస్కోడు. వాడు ఫోన్‌ల నవ్వుతడు. అది నార్మల్ భాయ్ అంటడు. డెబ్బై డిగ్రీల దాంక నార్మలేనంట. నా కౌంటర్ ముంగట నిలబడి ఏడ్చే పిల్లకు డెబ్బై డిగ్రీలు ఏం తెలుస్తది? చెయ్యికి చుర్రుమంటే చుర్రుమన్నట్టే.

నాకు మాత్రం ఏం తెలుసన్నా? నేనేమన్న చదువుకున్ననా? మా అబ్బాజాన్ పంజగుట్టల రేడియోలు రిపేర్ చేసేటోడు. ఆయన దగ్గర మీటర్ ఉండె గానీ, సందూక్ పెట్టెల ఉండె. ఏ మిషన్ వచ్చినా ముందు చెయ్యి తిప్పి ఆనించేటోడు. ఇగో, గిట్ల, వేళ్ల వెనక దిక్కు. అరచెయ్యి పెడితే షాక్ కొట్టినప్పుడు ముడుచుకొని దాన్నే పట్టుకుంటది. వెనక పెడితే చెయ్యి ఎగిరి దూరం పోతది. వేడిగుంటే బీమారుంది, చల్లగుంటే మంచిగుంది. గదే నా చదువు. నలభై ఏండ్లు గదే చదువు మీద బతికిన.

గా చదువే ముంచింది.

పోయిన సంవత్సరం దసరా ముందు, వాపస్ వచ్చిన ఛార్జర్ ఒకటి విప్పిన. అవి విప్పనీకి రావు, నాలుగు దిక్కుల అతికేసి ఉంటయి. బ్లేడ్ పెట్టి, మెల్లగ గీకి, తెరిచిన. తెరిస్తే ఏముందన్నా లోపల, సందే లేదు! బూడిద రంగు గమ్ము, మెత్తగ, మైనం లెక్క, లోపలంత కుక్కి పెట్టిన్రు. సామాన్ కనవడ్తలేదు. నేను అనుకున్న, అరె, గందుకే గదా వేడి! చంటి పిల్లకు స్వెటర్ మీద స్వెటర్ వేసి ఊపిరాడకుంట చేసినట్టు చేసిన్రు. కంపెనీవాళ్లకు గింత తెలివి లేదా అనుకున్న. మస్తు సంబరమయ్యిందన్నా. నలభై ఏండ్ల తర్వాత కంపెనీవాడి గల్తీ నేను పట్టిన!

గమ్మంత గీకి తీసిన. పుల్లతోని, పాత టూత్ బ్రష్‌తోని, గంట సేపు. లోపల సామాన్ తళతళ బయటపడ్డది. దాన్ల ఒక బియ్యపు గింజంత నల్లటి పూస, సన్నటి రెండు తీగల మీద, గమ్ముల కూరుకొని ట్రాన్స్‌ఫార్మర్‌కు అతుక్కొని ఉండె. గమ్ముతో పాటు లేచొచ్చింది. అడ్డమొస్తుందని పక్కకు వంచిన. తర్వాత ఇస్త్రీ పెట్టెలల్ల వేసే షీట్ ఉంటది చూడు, వేడి ఆపేది, దాన్ని కత్తిరించి డబ్బా లోపల చుట్టూ పెట్టిన. అతికించిన. నా సొంత లాప్‌టాప్ పెట్టిన. పది నిమిషాలు చూసిన.

చల్లగుంది.

అమీనాను పిలిచి ఆమె చెయ్యి సుత పెట్టించిన. నా భార్య ఊకె దేన్నీ మెచ్చుకోదు, మీకు తెలుసు. ఆమె సుత, హాఁ, చల్లగనే ఉంది అన్నది.

గ్రీన్ చుక్క అప్పుడే పెట్టిన. రిపేర్ చేసిన దాని మీద మేము ఏదో ఒక గుర్తు పెడ్తం, మళ్ల వస్తే మనం చేసిందా, బయటోడు చేసిందా తెలవాలని. దుకాణంల గ్రీన్ పెయింట్ పెన్ను ఉండె. దాంతోని పిన్నుల దిక్కు అంచు మీద ఒక చుక్క. గంతే. అది నా సంతకం అనుకోండ్రి.

తర్వాత ఏమైందో మీకు తెల్వదా? కోచింగ్ సెంటర్ల పిల్లలు లైను కట్టిన్రు. కొత్తది సుత కొనంగనే, భాయ్, చుక్క పెట్టియ్యి అనేటోళ్లు. చల్ల భాయ్ అని పేరు పెట్టిన్రు నాకు. మైత్రీవనం కాడ చాయ్ తాగుతుంటే పోరగాళ్లు సలాం కొడ్తుండె. నవ్వొస్తది గానీ, గా ఆరు నెలలు నేను మస్తు ఖుషీగున్న అన్నా. నలభై ఏండ్లల నాకంటూ ఒక పేరు ఎన్నడన్న వచ్చిందా?

ఎన్ని చేసిన్నో లెక్క లేదు. అరవయ్యో, డెబ్బయ్యో. ఎవరివి అని రాసి పెట్టలే. ఎవరు రాస్తరు? పిల్లలు వస్తరు, కోర్స్ అయిపోతది, నౌకరీ దొరికితే పోతరు, ఛార్జర్ ఈడున్న దోస్తుకు ఇచ్చి పోతరు.

మీ మూడో ఫ్లోర్ సుమశ్రీది సుత నేనే చేసిచ్చిన.

ఆగుండ్రి. చెప్పనియ్యుండ్రి. మీరు మాట్లాడితే నాకు తొవ్వ తప్పుతది.

గా పిల్ల నల్లగొండ నుంచి వచ్చింది, గదో డేటా కోర్సు. పొద్దుగాల నుంచి రాత్రి దాంక లాప్‌టాప్ ముంగటనే. మంచం మీద ఎక్స్‌టెన్షన్ బాక్స్, దాన్ల ఛార్జర్, దాని పక్కన దిండు. మీరు వంద సార్లు చెప్పిన్రు మంచం మీద పెట్టొద్దని. గోడ మీద సుత రాయించిన్రు. ఆ పిల్ల నా దుకాణం కాడ నవ్వింది, అంకుల్, ఇది చల్లగుంటది గదా, ఏం కాదు అని. నేనేమన్ననో తెలుసా? ఏం కాదు బిడ్డా అన్న.

పోయిన నెల శుక్రవారం, మబ్బు పట్టి పొద్దు గూకక ముందే దోమలొచ్చినయి, మీ వంటామె సత్తెమ్మ సాంబ్రాణి గిన్నె పట్కొని రూము రూముకు పొగ పట్టిస్తుండె. మీకు ఆ పొగ పడదు, పిల్లలు అడుగుతరని ఒప్పుకున్నరు. ఆరున్నర అయ్యిందేమో. పిల్లలు అరిచిన్రు. నేను బకెట్ పట్కొని ఉరికిన. మూడో ఫ్లోర్ ఎక్కేసరికి పరుపు అంటుకొని నల్లటి పొగ. సుమశ్రీ సర్టిఫికెట్ల ఫైలు గుంజబోయి అరచెయ్యి కాల్చుకున్నది. మీరు, నేను, పక్క రూము పిల్లలు, నీళ్లు కొట్టి ఆర్పినం. రూము బయట, గోడకు ఆనించి, సత్తెమ్మ గిన్నె ఉండె. దాన్ల నిప్పులు ఇంకా ఎర్రగనే ఉండె.

అందరు గా గిన్నెనే చూసిన్రు.

మీరు మంచోళ్లన్నా. ఎంటనే ఆమెను ఏమన్లేదు. ముందు నా దిక్కు తిరిగిన్రు. గుర్తుందా? భాయ్, నీకు తెలుస్తది, జర చూడు, ఇది కరెంటా అని అడిగిన్రు. టార్చ్ సుత మీరే పట్టిన్రు. నేను స్విచ్‌బోర్డ్ విప్పిన, వైరు చూసిన, వంగి మంచం మీద చూసిన. లేచి నిలబడి చెప్పిన. కరెంట్ కాదన్నా, బోర్డ్ మంచిగుంది అని.

నేను ఇంకేం అన్లేదు. సత్తెమ్మ పేరు నా నోట రాలే. ఎందుకొస్తది? మిగిలింది ఒక్క గిన్నెనే గదా.

మరుసటి రోజు ఆమె పని పోయి, మూట పట్కొని నా దుకాణం ముంగట నుంచే పోయింది. పన్నెండేండ్లు మీ దగ్గర వండిన మనిషి. పోతా పోతా, భాయ్, పిల్ల చెయ్యి మంచిగయ్యేటట్టు దువా చెయ్యి అన్నది నాతోని. చేస్త అమ్మా అన్న.

తర్వాత రెండు వారాలకు ప్రమోద్ అని ఒకాయన వచ్చిండు. గిట్లాంటి ఛార్జర్లు టెస్ట్ చేసే ల్యాబ్‌ల పని చేస్తడు. వాళ్ల చెల్లె మన గల్లీల ఉంటది, ఆమెది గ్రీన్ చుక్కది. చేతుల పట్కొని వచ్చి, గిది ఎవరు విప్పిన్రు అని అడిగిండు. నేను గర్వంగ, నేనే అన్న. చల్లగుంది గదా అన్న.

ఆ పిల్లగాడు నన్ను తిట్టలే అన్నా. తిడితే బాగుండె. స్టూల్ గుంజుకొని కూసొని, నా బ్లేడ్ తోనే తెరిచి, వేలు పెట్టి చూపెట్టిండు. భాయ్, నువ్వు తీసిన గమ్ము స్వెటర్ కాదు, అది తొవ్వ. లోపల వేడి డబ్బా దాంక నడిచి బయటికి రానీకి వేసిన తొవ్వ. నువ్వు తొవ్వ తవ్వేసి, మీద నుంచి గోడ కట్టినవు. బయట చల్లగుందంటే లోపల వేడి లేదని కాదు. బయటికి వస్తలేదని.

పది నిమిషాలు చూసినవు, మూడు గంటలు చూడకపోయినవు అన్నడు.

మరి గా బియ్యపు గింజ? అదే దాని ప్రాణమంట. లోపల వేడి ఎక్కువైతే గది పసిగట్టి కరెంట్ తగ్గిస్తదంట. నేను పక్కకు వంచిన గదా. ఇగ దానికి ఏం తెలుస్తది? లోపల ఉడికిపోతుంటే అది గాలికి వేలాడుకుంట, అంత మంచిగుంది అనుకుంటది. ఫోన్ చిన్న పని గనక ఏం కాదు. లాప్‌టాప్ పెట్టి, పరుపు మీద పెట్టి, నాలుగు గంటలు నడిపిస్తే... గట్ల నడిపిస్తరా ఎవరన్న అని అడిగిండు.

నేను లేదు అన్న. యా అల్లా, మళ్ల అబద్ధమే నా నోట్లెకెళ్లి వచ్చింది.

గదుగో, గా రోజు నుంచి తిరుగుతున్న అన్నా. దుకాణం ముంగట బోర్డు పెట్టిన. గ్రీన్ చుక్క ఛార్జర్ తెచ్చి ఇస్తే కొత్తది ఇస్తమని. ఏమైందో తెలుసా? ఎక్స్‌చేంజ్ ఆఫర్ అనుకున్నరు! పాత ఛార్జర్లు, తెగిన కేబుళ్లు, ఒకాయన అయితే మిక్సీ జార్ పట్కొచ్చిండు. ఇద్దరు ముగ్గురు వాళ్ల ఛార్జర్ తెచ్చి మాకు సుత చుక్క పెట్టు అన్నరు. పెట్టను అంటే, గిరాకీ పెరిగి పొగరెక్కింది అని పోయిన్రు.

ఇంటింటికి పోయి అడిగిన. చల్లగనే ఉంది గదా భాయ్, ఎందుకియ్యాలె? డేంజర్ అమ్మా. చల్లగున్నది డేంజర్ ఎట్లయితది భాయ్? ఏం చెప్పాలె దీనికి? ప్రమోద్ చెప్పినట్టు చెప్పబోతే నాకే సగం వస్తది. తొవ్వ అంట, గోడ కట్టిన అంట. నా మొఖం చూస్తరు.

తొమ్మిదో పదో వచ్చినయి, గంతే. వాటిల్ల సుత ఇద్దరు మర్నాడే వాపస్ వచ్చిన్రు. కొత్తది కాలుతుంది అంకుల్, మా పాతది మాకియ్యి అని. నేను సుత్తెతోని పగలగొట్టిన అప్పటికే. కొట్లాడిన్రు నాతోని.

వాళ్లకు చెయ్యి పెట్టి చూసుడు నేర్పింది నేనే గదా. ఇప్పుడు నీ చెయ్యిని నమ్మకు అంటే ఎవరు వింటరు?

సోమాజిగూడల దవాఖానకు పోయి సుమశ్రీని చూసిన. చెయ్యికి పట్టి కట్టిన్రు, కుడి చెయ్యే. రెండు నెలల దాంక కీబోర్డ్ ముట్టొద్దన్నరంట. సంత్రాలు ఇచ్చిన. ఆ పిల్ల ఏమన్నదో తెలుసా? అంకుల్, నయం మీ చల్లటి ఛార్జర్ ఉండె, వేరేదైతే అది సుత పేలి ఇంకా పెద్ద మంట అవుతుండె అన్నది. నేను సంత్రా ఒలుచుకుంట కూసున్న. తొనలు సుత పీచు తీసి ఇచ్చిన. చెప్పలే.

మొన్న బేస్తవారం పంజగుట్ట పోయిన, సత్తెమ్మ కోసం. అక్కడ ఒక మెస్సుల గిన్నెలు తోముతుంది. వంటకు పెట్టుకోలేదు. హాస్టల్ తగలబెట్టిన ముసల్దానికి పొయ్యి ఎవరిస్తరు అని వాళ్లే నాతోని అన్నరు, ఆమె వింటుండంగనే.

నేను చెప్పాలనే పోయిన అన్నా. తొవ్వ పొంటి మాటలు కూడగట్టుకున్న. అమ్మా, తప్పు నీది కాదు. గంతే గదా, నాలుగు మాటలు. ఆమె నన్ను చూడంగనే చేతులు కొంగుకు తుడుచుకొని, పిల్ల చెయ్యి ఎట్లుంది భాయ్ అని అడిగింది. బాగవుతుంది అన్న. ఇగ ఆమెనే మొదలుపెట్టింది. నేను గిన్నె బయట పెట్టిననే అనుకున్న భాయ్. ఇంటికి పోయి రోజు యాది చేసుకుంటున్న. ఇప్పుడు అనిపిస్తుంది, లోపల మంచం కాడ ఒకసారి దించిన్నేమో. ఒక నిప్పు ఎగిరి పడ్డదేమో. కండ్లు సరిగ కనవడ్తలేవు. నేనే చేసిన్నేమో భాయ్ అంటుంది.

విన్నరా? చెయ్యని తప్పు ఆమెకు యాదికి వస్తుంది!

ఇప్పుడు ఇంట్ల అగ్గిపుల్ల సుత గీస్తలేదంట. కోడలే గీస్తదంట. సిలిండర్ కాడికి పోయి బంద్ ఉందా లేదా అని తిప్పి తిప్పి చూస్తదంట, మళ్ల మంచం కాడికి పోయి, మళ్ల లేచి చూస్తదంట. పన్నెండేండ్లు యాభై మందికి వండిన చెయ్యి.

నేను ఆడ నిలబడి ఏం చేసిన్నో చెప్పనా? ఫికర్ చేయకు అమ్మా, అందరికి అయితది అన్న. అని వచ్చిన.

మీరు పోయిన వారం చర్చిల ఆమె కోసం ప్రార్థన చేసిన్రంట గదా. మీ బిడ్డ ఫేబీ చెప్పింది అమీనాతోని, డాడీ సత్తెమ్మను క్షమించిండని. మీ మనసు పెద్దది అన్నా. కానీ మీరు క్షమించింది ఎవరిని? దేనికి?

...ఏమంటున్రు? అవునన్నా. గదే చెప్తున్న. సుమశ్రీ ఛార్జర్ తోనే అంటుకున్నది. నా చుక్కతోని.

లేదు. ప్రమోద్ చెప్పినంక కాదు, నాకు ముందే తెలుసు.

గిదే చెప్పనీకి నోరు రాక, గంట నుంచి జనాన్ని తిడుతున్న, కంపెనీవాణ్ని తిడుతున్న. ప్రమోద్ చెప్పిండు గనక తెలిసింది, అంతకు ముందు పాపం ముషర్రఫ్‌కు ఏం తెలుసు అని మీరు అనుకోవాలని. అమీనాకు సుత గట్లనే చెప్పిన మొదలు.

గా రోజు మీరు టార్చ్ పట్టిన్రు గదా. నేను మంచం మీదికి వంగిన. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ల గా ఛార్జర్ ఉండె. బయట నుంచి మంటొస్తే ప్లాస్టిక్ మీది నుంచి కరిగి కిందికి కారుతది. ఇది కారలే. లోపల నుంచి ఉబ్బి, నడుమ పగిలింది. పిన్నులు మాడి బాక్స్‌ల అతుక్కున్నయి. నలభై ఏండ్లు కాలిన సామాను చూసిన కండ్లు నావి. ఒక్క చూపు చాలు. నాకు తెలిసిపోయింది అన్నా. ఎందుకు కాలిందో తెల్వదు, గది మటుకు ప్రమోద్ చెప్పిండు. ఏడ నుంచి కాలిందో మాత్రం గప్పుడే తెలిసింది. మీరు నా వెనకనే ఉన్నరు. సత్తెమ్మ తలుపు కాడ నిలబడి ఏడుస్తుండె.

చల్ల భాయ్ అనే పేరు యాదికొచ్చింది. ఏం చెయ్యాలె? గదే యాదికొచ్చింది. పిల్ల చెయ్యి కాదు, సత్తెమ్మ కాదు.

పిన్నులు గుంజి, దాన్ని జేబుల వేసుకున్న. వేడిగుండె ఇంకా. తొడకు చుర్రుమన్నది. గట్లనే నిలబడి మీతోని చెప్పిన, కరెంట్ కాదన్నా అని.

ఇగో. గిదే.

తీస్కోండ్రి. టేబుల్ మీద పెడుతున్న. నెల రోజుల నుంచి దుకాణంల దాచిన, ఇంట్ల దాచిన. ఇది నా ఇంట్ల ఉంటే నేను నమాజ్‌కు కూసోలేను అన్నది అమీనా. నల్లగైంది గానీ చూడుండ్రి, ఈ పక్కకు తిప్పితే, పిన్నుల కాడ... గ్రీన్ కనవడ్తుందా? గదే. అంత కాలింది, నా సంతకం మాత్రం కాలలే.

పోలీసుకు చెప్తరో, సుమశ్రీ నాయనకు చెప్తరో, మీ ఇష్టం. నేను ఏడికి పోను, కిందనే ఉంట. కానీ ముందు సత్తెమ్మను పిలిపించుండ్రి. నేను చెప్తే ఆమె నమ్మది, నా మీద జాలిపడి అట్లంటున్నడు అనుకుంటది. మీరు చెప్పాలె. పన్నెండేండ్లు ఆమె మీ మాటనే విన్నది. ఇంకా ఆలస్యమైతే మీరు చెప్పినా నమ్మదేమో అని భయమైతుంది నాకు.

ఏమన్న అనుండ్రి అన్నా. తిట్టుండ్రి. గట్ల చూడకుండ్రి.

మీ ఫోన్ మోగుతుంది. ఎత్తుండ్రి, పర్వాలేదు. ఇంట్లకెళ్లేనేమో, అన్నానికి.

ఆగుండ్రి. ఆగుండ్రి అన్నా, గా ఫోన్ వైరు... గా క్యాలెండర్ వెనక ప్లగ్గు ఏంది? ఎప్పటిది?

క్రిస్మస్ ముందా? నేనే చేసిచ్చిన్నా? అరె యా అల్లా. మర్చేపోయిన. ఇగో చుక్క. మీ బైబిల్ చదువుకునే ట్యాబు, ఫోను, రెండు దీనికే పెడ్తరా? ఎప్పటి నుంచి ఎక్కుతుంది ఇది, పొద్దుగాల చర్చికి పోయినప్పటి నుంచా?

స్విచ్ ఆపుండ్రి. మొదలు స్విచ్ ఆపుండ్రి, తర్వాత అన్నీ...

అన్నా.

ఏం చేస్తున్రు అన్నా? గింత సేపు చెప్పిన గదా. కాలిన ముద్ద ముంగట పెట్టిన గదా. మీరు సుత చెయ్యి పెట్టి చూస్తున్రు.

ఆఁ. చల్లగనే ఉంటది.